కలికి చోటిచ్చింది ఎవరు?

2019 ఫిబ్రవరి 15, శుక్రవారం. ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగోకి పడమరగా, ఫాక్స్ నది ఒడ్డున ఉన్న అరోరా. ఇక్కడ హెన్రీ ప్రాట్ అనే కంపెనీలో నీటి గొట్టాలకు బిగించే భారీ వాల్వులు తయారుచేసేవారు. పదిహేనేళ్ళుగా అందులో పనిచేస్తున్న ఒక మనిషిని మధ్యాహ్నం పిలిచి, ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని చెప్పారు. అతను తుపాకీ తీశాడు. ఐదుగురు తోటి ఉద్యోగులు చనిపోయారు. అందులో ఒకడు యూనివర్సిటీలో చదువుకుంటూ ఇంటర్న్‌గా ఆ రోజే పనిలోకి వచ్చిన కుర్రాడు. లోపలికి పరుగెత్తిన పోలీసుల్లో ఐదుగురికి తూటాలు తగిలాయి. హంతకుడూ అక్కడే పోలీసుల చేతిలో చచ్చాడు.

ఆ తర్వాత నా చెవిన పడింది ఒకే మాట, రెండు వేషాల్లో. చర్చికి వెళ్ళేవాళ్ళు సైతాను మన ఊళ్ళో అడుగుపెట్టాడన్నారు. గుడికి వెళ్ళే మనవాళ్ళు కలికాలం, ఇంతే అన్నారు. ఆ మాట అనేశాక ఇంకెవరూ ఇంకేమీ అడగనక్కర్లేదు. కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు వెలిగిస్తారు, దీపం పెట్టేవాళ్ళు పెడతారు, ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు. నా కోపం ఈ మాట మీద. చంపినవాడి మీద కోపం అందరికీ ఉంది, నాకూ ఉంది. కానీ చావుకు దారితీసిన ప్రతి తలుపునీ మళ్ళీ మామూలుగా తెరిచి ఉంచేది ఈ మాటే. అందుకే దీన్ని ఊరికే వదలను.

ఆ తుపాకీ అతని చేతికి ఎలా వచ్చిందో చూడండి. అతనికి 1995లోనే మిసిసిపి రాష్ట్రంలో దాడి కేసులో శిక్ష పడింది. అలాంటి శిక్ష పడినవాడు తుపాకీ ఉంచుకోకూడదు. ఇల్లినాయ్‌లో తుపాకీ కొనాలంటే ముందు స్టేట్ పోలీసులు ఇచ్చే ఎఫ్ఓఐడీ కార్డు ఉండాలి. 2014 జనవరిలో అతనికి ఆ కార్డు వచ్చింది. పాత కేసు అప్పటి తనిఖీలో బయటపడలేదు. మార్చిలో తుపాకీ కొన్నాడు. ఆ తర్వాత దాన్ని బట్టల్లో దాచుకుని తిరిగేందుకు లైసెన్సు కావాలని అర్జీ పెట్టి వేలిముద్రలు ఇచ్చాడు. ఆ వేలిముద్రలు మిసిసిపి కేసును పట్టించాయి. కార్డు రద్దయింది. తుపాకీ అప్పగించమని ఒక ఉత్తరం వెళ్ళింది.

ఉత్తరం వెళ్ళింది. మనిషి వెళ్ళలేదు. వెళ్ళి ఆ తుపాకీ తీసుకొచ్చినవాడు ఒక్కడూ లేడు. ఉండకూడని చేతిలో ఆ తుపాకీ ఐదేళ్ళు ఉంది. ఉందని ప్రభుత్వ కాగితాల్లోనే ఉంది. ఇందులో సైతానుకి ఏ పాత్ర ఇస్తారు? కార్డు ఇచ్చినవాడు సైతానా? ఉత్తరం మీద సంతకం పెట్టి ఫైలు మూసినవాడు కలిపురుషుడా? వాళ్ళు మనలాంటి మనుషులు. సాయంత్రం ఐదింటికి పని ముగించుకుని ఇంటికి వెళ్ళి పిల్లలకు అన్నం పెట్టేవాళ్ళు. భయపడాల్సింది దీనికి.

మన పురాణాలు ఈ సంగతిని మనకంటే బాగా ఎరుగును. భాగవతం ప్రథమ స్కంధంలో పరీక్షిత్తు కథ వినని తెలుగువాడు ఉండడు. రాజవేషం వేసుకున్న ఒకడు, ఒంటికాలి మీద నిలబడ్డ ఎద్దునూ కన్నీరు కారుస్తున్న ఆవునూ హింసిస్తుంటే రాజు చూశాడు. ఎద్దు ధర్మం, ఆవు భూమి, కొట్టేవాడు కలి. రాజు కత్తి దూశాడు. కలి వెంటనే కాళ్ళ మీద పడ్డాడు. ఎక్కడికి వెళ్ళినా నీ బాణమే కనిపిస్తోంది, నేను ఉండటానికి చోటేదో నువ్వే చూపించమని బతిమాలుకున్నాడు. రాజు చూపించాడు. జూదం ఆడే చోటు, మద్యం తాగే చోటు, వ్యభిచారం, జీవహింస జరిగే చోటు. అది చాలదని కలి మళ్ళీ అడిగాడు. రాజు బంగారాన్ని కూడా ఇచ్చాడు.

ఎన్ని ప్రవచనాల్లో విన్నాం ఈ ఘట్టం! ప్రతిసారీ కలి ఎంత క్రూరుడో చెబుతారు, కలిలో ఎలాంటి ఘోరాలు జరుగుతాయో వర్ణిస్తారు, జనం అయ్యో అని నిట్టూరుస్తారు. ఆ కథలో కలి ఒక్క అంగుళం నేల కూడా తనంతట తాను ఆక్రమించలేదన్న సంగతి ఎవరూ ఎత్తరు. అతను అడిగాడు. ఇచ్చింది రాజు. కత్తి చేతిలో ఉండి, శత్రువు కాళ్ళ దగ్గర ఉండి, చోటు రాసిచ్చింది రాజు. ఇంత స్పష్టంగా చెప్పిన గ్రంథాన్ని ఇంట్లో పెట్టుకుని, పూజించి, తీరా ఊళ్ళో ఐదు శవాలు లేచిన రోజున కలి ప్రభావం అనటం ఆ గ్రంథానికి మనం చేసే అవమానం.

పరీక్షిత్తు కథ అక్కడితో ఆగలేదు. వేటలో అలసి, ఆకలితో దాహంతో శమీకుడి ఆశ్రమానికి వెళ్ళాడు. ధ్యానంలో ఉన్న ముని పలకలేదు. రాజుకి కోపం వచ్చింది. చచ్చిన పామును వింటి కొనతో ఎత్తి ముని మెడలో వేసి వెళ్ళిపోయాడు. బంగారు కిరీటంలో కూర్చున్న కలి ఈ పని చేయించాడని చెప్పేవాళ్ళున్నారు. పరీక్షిత్తు మాత్రం అలా చెప్పుకోలేదు. ఇంటికి వెళ్ళి, తాను చేసింది నీచమైన పని అని తనలో తానే కుమిలిపోయాడు. ముని కొడుకు శాపం సంగతి తెలిసినప్పుడు మారుమాట లేకుండా రాజ్యం వదిలి గంగ ఒడ్డున కూర్చున్నాడు. కలిని ముఖాముఖి చూసి, కాళ్ళ మీద పడేయించుకున్న రాజు అతను. నా తప్పు కాదు, కలి చేయించాడు అనే హక్కు లోకంలో ఎవరికైనా ఉంటే అతనికే ఉండాలి. అతనే ఆ పేరు ఎత్తలేదు. అతను ఒప్పుకుని గంగ ఒడ్డున కూర్చోకపోతే శుకుడికి శ్రోత లేడు, మనకు భాగవతం లేదు.

నలుడి కథ చూపించి నన్ను ఎదిరిస్తారని తెలుసు. అక్కడ కలి నిజంగానే నలుణ్ణి ఆవహించాడు, చివర్లో నలుడు కూడా ఇదంతా కలి చేసిందే అంటాడు. నిజమే. కానీ ఆ కలి పన్నెండేళ్ళు కాచుకుని ఉండాల్సి వచ్చింది. నలుడు శుచి మరిచిన ఒక్క పూట కోసం అంతకాలం ఎదురుచూశాడు. దమయంతి వద్దంటున్నా, మంత్రులూ పౌరులూ వచ్చి వాకిట నిలబడ్డా పాచికలు వదలని చెయ్యి నలుడిదే. ఇంకో సంగతి, నాకు ఇది చాలా ఇష్టం. కలి నలుణ్ణి వదిలింది తాయెత్తు వల్లా కాదు, శాంతిహోమం వల్లా కాదు. ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్న క్షణాన వదిలాడు. తనను ముంచిన ఆట లోపలి లెక్క ఏమిటో నలుడికి తెలిసింది, విషం కక్కుకుంటూ కలి బయటికొచ్చాడు. మన ఊళ్ళో జరిగినదాని లోపలి లెక్క నేర్చుకోవటానికి మనలో ఎంతమంది కూర్చున్నారు?

ఇదే అరోరాలో బాలాజీ గుడి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, పక్క రాష్ట్రాల నుంచీ తెలుగువాళ్ళు కార్లలో వస్తారు, కల్యాణాలు చేయిస్తారు, పులిహోర ప్రసాదం తింటారు. వైష్ణవ ఆలయాల్లో గర్భగుడి వాకిట ఇద్దరు నిలబడి ఉంటారు, జయుడు, విజయుడు. వాళ్ళను దాటుకుని లోపలికి వెళ్ళి మనం గోవిందా అంటాం. వాళ్ళెవరు? హిరణ్యాక్ష హిరణ్యకశిపులు వాళ్ళే. రావణ కుంభకర్ణులు వాళ్ళే. శిశుపాల దంతవక్త్రులు వాళ్ళే. మన సంప్రదాయంలో అంతటి రాక్షసులు ఏ పాతాళంలోనో మొలవలేదు. వైకుంఠం వాకిట, కాపలా ఉద్యోగంలో, అధికారం తలకెక్కిన రోజున పుట్టారు. సనకాది మునులను లోపలికి పోనివ్వకుండా బెత్తం అడ్డం పెట్టారు, అంతే. అప్పుడు విష్ణువు ఏం చేశాడు? ద్వారపాలకుల మీదికి నెట్టి చేతులు దులుపుకోలేదు. నా మనుషులు చేసిన తప్పు నేను చేసినట్టేనని మునుల ముందు ఒప్పుకున్నాడు. దేవుడే తన వాకిట జరిగిన తప్పుకి పూచీ పడ్డాడు. ఆ దేవుడికి హారతి ఇచ్చే మనం, మన వాకిట జరిగినదానికి ఊరూ పేరూ లేని దుష్టశక్తిని వెతుకుతాం!

క్రైస్తవ సోదరులకు కూడా ఇదే మాట చెబుతాను, వాళ్ళ గ్రంథంలోంచే చెబుతాను. ఆదికాండం మూడో అధ్యాయంలో, తినవద్దన్న పండు తిన్నాక దేవుడు వచ్చి అడిగాడు. ఆదాము నువ్వు ఇచ్చిన స్త్రీయే ఇచ్చిందన్నాడు. హవ్వ సర్పం మోసగించిందన్నది. మనిషి మొట్టమొదట నేర్చిన సాకు అది. దేవుడు ఆ సాకును ఒప్పుకోలేదు. సర్పానికీ శిక్ష వేశాడు, హవ్వకూ వేశాడు, ఆదాముకూ వేశాడు. తర్వాతి అధ్యాయంలో కయీనుతో ఇంకా సూటిగా మాట్లాడాడు. పాపం నీ వాకిట పొంచి ఉంది, దాన్ని అదుపులో పెట్టుకోవాల్సింది నువ్వే అని ముందే హెచ్చరించాడు. యోబు గ్రంథంలో సాతాను దేవుడి సభలో నిలబడి, అనుమతి అడిగి, గీసిన గీత లోపల మాత్రమే తిరుగుతాడు. యాకోబు పత్రికలో, ఎవడి దురాశ వాణ్ణి ఈడ్చుకుపోతుందని ఉంది. ఇన్ని చదివి, ఆదివారం ఆరాధనలో గొంతు చించుకుని సైతానును తరిమేసి, సోమవారం ఎవరినీ ఏమీ అడగకుండా ఉండే బోధకులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఖురాన్‌లో ఇబ్రాహీం సూరాలో సన్నివేశం అయితే ఒళ్ళు గగుర్పొడిచేది. తీర్పు రోజున, అంతా అయిపోయాక, షైతానే లేచి మాట్లాడతాడు. మీ మీద నాకే అధికారమూ లేదు, నేను పిలిచాను, మీరు వచ్చారు, నన్ను తిట్టకండి, మిమ్మల్ని మీరే నిందించుకోండి అంటాడు. ఎవరి మీద నేరం మోపుతున్నామో వాడే సాక్షిగా నిలబడి ఆ నేరాన్ని తిరిగి మన చేతిలో పెట్టటం! దానికి జవాబు చెప్పగల మతగురువు ఉన్నాడా?

చెడుకి వేరే ఒక రాజ్యం, వేరే ఒక ప్రభువు ఉన్నారని గట్టిగా నమ్మిన మతాలు లేకపోలేదు. జరతుష్ట్రుడి అనుచరులు అహ్రిమాన్ అన్నారు. మానీ మతం వాళ్ళు వెలుగుకీ చీకటికీ అనాదిగా యుద్ధమన్నారు. సెయింట్ అగస్టీన్ కుర్రవయసులో దాదాపు తొమ్మిదేళ్ళు ఆ మానీ మతంలోనే ఉన్నాడు. తర్వాత తన ఒప్పుకోళ్ళ గ్రంథంలో ఎందుకు ఉన్నాడో నిజాయితీగా రాశాడు. పాపం చేసింది నేను కాదు, నాలో ఉన్న మరేదో అనుకోవటం తన గర్వానికి హాయిగా ఉండేదట. ఆ హాయిని వదులుకున్నాకే ఆయన చెడుకి స్వంత ఉనికి లేదనీ, మంచి లోపించిన చోటే చెడు అనీ తేల్చుకున్నాడు. ఇల్లినాయ్ అరోరాలో లోపించిన మంచి ఏమిటో మనకు తెలుసు. ఒక తలుపు దగ్గరికి వెళ్ళాల్సిన ఒక పోలీసు.

ఇంకో అరోరా సంగతీ చెప్పాలి. కొలరాడోలో, డెన్వర్‌ని ఆనుకుని ఉన్నది. 2012 జూలై 20, అర్ధరాత్రి దాటింది. సెంచరీ 16 థియేటర్లో కొత్త బ్యాట్‌మ్యాన్ సినిమా మొదటి ఆట. పన్నెండు మంది చనిపోయారు, 70 మంది గాయపడ్డారు. చంపినవాడు మెదడు శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి. జూన్ 7న మౌఖిక పరీక్ష తప్పాడు, అదే రోజు రైఫిల్ కొన్నాడు. ఆ వేసవిలో కొన్ని వారాల్లో నాలుగు తుపాకులు కూడబెట్టాడు. వేల తూటాలు ఇంటర్నెట్‌లో ఆర్డరిస్తే ఇంటికి వచ్చాయి. వంద తూటాలు పట్టే డ్రమ్ము మ్యాగజైన్ కూడా దొరికింది. అంతా చట్టప్రకారమే. మనుషుల్ని చంపాలన్న ఆలోచనలు వస్తున్నాయని అతను యూనివర్సిటీ మానసిక వైద్యురాలికి చెప్పాడు. ఆమె క్యాంపస్ పోలీసులకు చెప్పింది. అక్కడితో ఆగింది.

ఆ రోజు అధ్యక్షుడు ఒబామా ఫ్లోరిడాలో మాట్లాడుతూ ఇంతటి దుష్టత్వం బుద్ధికి అందనిది అన్నాడు. టెక్సాస్ కాంగ్రెస్ సభ్యుడు లూయీ గోమర్ట్ రేడియోలో, యూదు క్రైస్తవ విశ్వాసాల మీద జరుగుతున్న దాడే దీనికి మూలమన్నట్టు మాట్లాడాడు. ఇద్దరూ వేరువేరు పార్టీలు, వేరువేరు గొంతులు. ఇద్దరి మాటా వినేవాణ్ణి ఒకే చోటికి తీసుకెళ్ళి వదిలేస్తుంది. బుద్ధికి అందనిది ఇందులో ఏముంది? తేదీలున్నాయి, రసీదులున్నాయి, కొరియర్ డబ్బాలున్నాయి. ఒక వైద్యురాలి హెచ్చరిక ఉంది.

2015లో కొలరాడో కోర్టు చేసిన పని నాకు గౌరవంగా కనిపిస్తుంది. ఆ థియేటర్ హంతకుడికి తీవ్రమైన మానసిక జబ్బు ఉందన్నది ఎవరూ కాదనలేదు. జబ్బు ఉన్నా, చేస్తున్నది తప్పని అతనికి తెలుసా లేదా అన్న ఒక్క ప్రశ్నను జ్యూరీ ముందు పెట్టారు. నెలల తరబడి సాక్ష్యాలు విన్నారు. తెలుసని తేల్చారు. మరణశిక్ష విషయంలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. పన్నెండు యావజ్జీవాలు, వాటి మీద 3,318 ఏళ్ళ శిక్ష పడింది. సైతాను పేరుతో ఎవరినీ వదిలిపెట్టలేదు, జబ్బు ఉన్నవాళ్ళందరినీ సైతానులుగా మార్చనూ లేదు. జబ్బు వేరు, నేరం వేరు అని ఓపికగా విడదీశారు. మన గుళ్ళూ చర్చిలూ ఆ ఓపికలో పదో వంతు చూపించినా చాలు.

ఆ తర్వాత కొలరాడోలో ఏం జరిగిందో కూడా మరిచిపోకూడదు. 2013లో ఆ రాష్ట్ర శాసనసభ మ్యాగజైన్‌లో 15 తూటాలకు మించకూడదనీ, తుపాకీ కొనే ప్రతివాడి పూర్వాపరాలు పరిశీలించాలనీ చట్టాలు చేసింది. అదే సెప్టెంబరులో, ఆ చట్టాలకు నిలబడ్డ ఇద్దరు సెనేటర్లు జాన్ మోర్స్, ఏంజెలా హిరోన్‌లను ప్రత్యేక ఎన్నిక పెట్టి పదవి నుంచి దించేశారు. సైతాను గురించి ప్రసంగించినవాళ్ళు ఒక్కరూ పదవి పోగొట్టుకోలేదు. తూటాలు లెక్కపెట్టినవాళ్ళు పోగొట్టుకున్నారు.

ఇక కర్మ. ఇది మనవాళ్ళ దగ్గర ఉన్న ఆయుధం, సైతాను కంటే పదునైనది. కొలరాడో థియేటర్లో చనిపోయిన పన్నెండు మందిలో ఆరేళ్ళ పాప ఉంది. ఆమె తల్లికి కూడా తూటాలు తగిలాయి. పూర్వజన్మ కర్మ అనే మాట ఆ పాప విషయంలో అనగలిగిన నోటిని నేను క్షమించను. బ్రహ్మసూత్రాల్లో, లోకంలో ఇంత వ్యత్యాసం, ఇంత దుఃఖం ఉంటే దేవుడు పక్షపాతి, క్రూరుడు కాడా అన్న ప్రశ్న వేసుకుని, ఫలం కర్మను బట్టి వస్తుంది కనక కాడని జవాబు చెప్పుకున్నారు. దేవుడి మీద నింద రాకుండా ఆ పెద్దలు పడ్డ తపన అది. దాన్ని మనం తీసుకెళ్ళి, దెబ్బ తిన్నవాడి మీద నింద మోపటానికి వాడుతున్నాం. కర్మ సిద్ధాంతం చేసినవాణ్ణి నిలదీయాలి. నువ్వు చేసింది నీ వెంట వస్తుందని చంపినవాడికి చెప్పాలి, కొట్టిన మొగుడికి చెప్పాలి, ఉత్తరం పంపి ఊరుకున్న ఆఫీసుకి చెప్పాలి. మనం మాత్రం చచ్చినవాళ్ళకి చెబుతాం, దెబ్బలు తిన్న ఆడపిల్లకి చెబుతాం. నీ ఖర్మ, సర్దుకో తల్లీ అంటాం.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి సైతాను అని ఏడిస్తే నేను ఆమె పక్కన కూర్చుంటాను, నోరు మెదపను. దుఃఖానికి ఏ మాట దొరికితే ఆ మాట. నా పేచీ దుఃఖంతో కాదు. మైకు పట్టుకున్నవాళ్ళతో, వేదిక మీద కూర్చున్నవాళ్ళతో, వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే కలియుగ లక్షణాలు పంచేవాళ్ళతో.

ఎందుకంటే ఈ మాటలు చంపుతాయి. 2021 జనవరి 24న అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఒక తల్లీ తండ్రీ ఎదిగిన తమ ఇద్దరు ఆడపిల్లలను ఇంట్లోనే చంపారు. తండ్రి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ అధ్యాపకుడు. తల్లి లెక్కల్లో పట్టా పుచ్చుకుని పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. కలియుగం ముగిసి సత్యయుగం మొదలవుతోందనీ, పిల్లలు మళ్ళీ బతికి వస్తారనీ వాళ్ళు నమ్మారు. చదువు లేక ఇలా జరిగిందని ఎవరూ అనలేరు. ఆ ఇంటి తలుపు వెనక ముదురుతున్న జబ్బును కనిపెట్టాల్సినవాళ్ళకు, ఏదో భక్తి ఎక్కువైందనిపించింది.

తెలంగాణ పల్లెల్లో చేతబడి, బాణామతి పేరుతో ఇప్పటికీ మనుషుల్ని కొట్టి చంపుతున్నారు. ఎవరికో జ్వరం తగ్గదు, ఎవరి బర్రెకో రోగం వస్తుంది, ఊరి చివర ఉండే ముసలి మనిషి మీద అనుమానం పడుతుంది. మంత్రం పలకకుండా పళ్ళు రాలగొట్టిన సందర్భాలున్నాయి. తర్వాత విచారిస్తే వెనక పొలం గట్టు తగాదానో, అన్నదమ్ముల పంపకాల గొడవో బయటపడుతుంది. దయ్యం పేరు చెబితే పొలం కలిసొస్తుంది. మహారాష్ట్రలో ఈ మూఢత్వం మీద చట్టం కావాలని ఏళ్ళ తరబడి పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆయన పోయాకే అక్కడి ప్రభుత్వానికి చట్టం తేవాలనిపించింది.

అదంతా అక్కడ, మనం సముద్రాలు దాటి వచ్చాం అనుకునేవాళ్ళు ఒక ఇంటి సంగతి వినండి. నాకు తెలిసిన ఇల్లు, ఇక్కడికి దగ్గర్లోనే. కాన్పయిన కొన్ని వారాలకి ఆ ఇంటి కోడలు పిల్లకి నిద్ర లేదు. బిడ్డను ఎత్తుకోవాలంటే చేతులు వణికేవి. కారణం లేకుండా ఏడ్చేది, తర్వాత ఏడవటం కూడా మానేసింది. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు "ఏదో గాలి సోకింది, పచ్చి బాలింతని సందెవేళ వాకిట్లోకి పోనిచ్చారు" అన్నారు. దిష్టి తీసి, ఉప్పూ ఎండుమిరపకాయలూ స్టవ్వు మీద వేశారు. ఆ ఘాటుకి అపార్టుమెంటులో పొగ అలారం మోగింది, పసిబిడ్డ గుక్కపట్టింది. రాత్రిళ్ళు ఫోనులో ఎవరో స్వామి మంత్రం చదివేవారు. డాక్టరు దగ్గర పది ప్రశ్నల కాగితం ఇచ్చారు, బాలింతల మనసు ఎలా ఉందో తెలుసుకునేది. అత్తగారు పక్కనే కూర్చుని ఉంటే ఆ పిల్ల అన్నిటికీ బాగున్నానన్నట్టే గీతలు పెట్టింది. నేను వెళ్ళిన రోజు వంటగదిలో నా చెయ్యి పట్టుకుని, "నాలో ఏదో ఉందంట ఆంటీ. అది బిడ్డని ఏమన్నా చేస్తుందేమోనని నాకే భయంగా ఉంది" అంది.

ఈ మాట విన్నాక ఇక నేను ఎవరితోనూ మర్యాదగా వాదించలేను. మందుకు లొంగే జబ్బు అది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దానికి దయ్యం అని పేరు పెట్టేసరికి, ఆ పిల్ల తన ఒంటికే తాను భయపడింది, తన బిడ్డకు తానే శత్రువుననుకుంది. అత్తగారు దుర్మార్గురాలు కాదు. రాత్రంతా బిడ్డను ఒడిలో వేసుకుని జోకొట్టిన మనిషి ఆవిడే. ఆవిడకు ఆ మాట నేర్పినవాళ్ళు ఎవరు? ఉపవాస కూటాల్లో దయ్యాలు వదిలిస్తామని చెప్పేవాళ్ళు, టీవీల్లో పొద్దున్నే గ్రహదోషాలు చెప్పేవాళ్ళు, తాయెత్తులు అమ్మేవాళ్ళు. గుడి హాల్లో గంటన్నర ప్రవచనం పెట్టించే పెద్దలారా, ఆ హాల్లోనే ఒక్క ఆదివారం మానసిక వైద్యులను కూర్చోబెట్టండి, తెలుగులో మాట్లాడించండి. సండే స్కూలు నడిపే తెలుగు సంఘాల కాపరులారా, మీ ప్రార్థన మీరు చేసుకోండి. చేసి, ఆ పిల్లను మీ కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మళ్ళీ తుపాకీ దగ్గరికి. హెన్రీ ప్రాట్ హత్యలు జరిగిన రెండున్నరేళ్ళకు, 2021 ఆగస్టు 2న, గవర్నర్ ప్రిట్జ్‌కర్ ఇదే అరోరాకి వచ్చి ఎఫ్ఓఐడీ కార్డుల పద్ధతిని మార్చే చట్టం మీద సంతకం పెట్టాడు. కార్డు రద్దయినవాళ్ళ దగ్గర్నుంచి తుపాకులు వెనక్కి తీసుకునే పనికి డబ్బు కేటాయించే ఏర్పాటు అందులో ఉంది. అంటే లోపం ఎక్కడుందో ప్రభుత్వానికి తెలుసు. ఏం చేస్తే మూతపడుతుందో కూడా తెలుసు. ఇక మిగిలింది, ఆ పని జరుగుతోందా లేదా అని అడిగేవాళ్ళు.

అరోరా నాలుగు కౌంటీల్లో పరుచుకుని ఉంది. కేన్, డుపేజ్, కెండల్, విల్. నాలుగింటిలోనూ తెలుగువాళ్ళ ఇళ్ళున్నాయి, ఓట్లున్నాయి. షెరీఫు పదవికి పోటీ చేసేవాళ్ళు, శాసనసభకి పోటీ చేసేవాళ్ళు మన ఉగాది సభలకూ దీపావళి సభలకూ వస్తారు. మనం వాళ్ళకి పూలగుత్తి ఇస్తాం, శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. ఈసారి శాలువా చేతిలో పట్టుకుని ముందు అడగండి. మీ పరిధిలో కిందటేడు ఎన్ని కార్డులు రద్దయ్యాయి? అందులో ఎన్ని తుపాకులు వెనక్కి వచ్చాయి? రానివాటి కోసం ఎన్ని ఇళ్ళకు మనుషులు వెళ్ళారు? దుష్టశక్తుల గురించీ ప్రార్థనల గురించీ మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఆపండి. అంకెలు అడగండి. అంకెలు చెప్పేదాకా ఆ శాలువా మడతపెట్టే ఉంచండి.